108లో చేరాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి సుజాతకు మేనమామ ఆశీస్సులు.

కృత్రిమ కాలుతో 108లో ఈఎంటీగా, అంటే అంబులెన్సులో రోగికి అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్‌గా, పనిచేయవచ్చా అని అడిగావు. ఉద్యోగాన్ని మొత్తంగా చూసి అవుననో కాదనో చెప్పడం కుదరదమ్మా. అంబులెన్సులో చేసే ఒక్కొక్క పనినీ విడదీసి, రోగికి ఏ లోటూ రాకుండా దానిని నువ్వు చేయగలవో లేదో ముందుగా నీకు నువ్వే పరీక్షించుకోవాలి. నాడి చూడడం, ఆక్సిజన్ పెట్టడం, రక్తస్రావం ఆపడం వంటి వాటికి మోకాలి కింద కాలు లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. చిక్కంతా వంగడం, లేవడం, మోయడం దగ్గరే ఉంది.

గుండె ఆగినవాళ్ల ఛాతీని నొక్కే సీపీఆర్‌ను చాలాసార్లు నేల మీద మోకాళ్లపై కూర్చొని చేయవలసి వస్తుంది. పెద్దవాళ్ల ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతుంటే సాకెట్ (కృత్రిమ కాలిలో మిగిలిన కాలు దూరే గిన్నె) అంచు మోకాలిని ఒరుసుకుంటుంది. కనుక దళసరి మోకాలి ప్యాడ్ కట్టుకొని, శిక్షణ బొమ్మ మీద రెండేసి నిమిషాల చొప్పున సాధన చెయ్యి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలన్నది అందరికీ ఉన్న నియమమే కాబట్టి, మారమని అడగడానికి మొహమాటపడకు.

స్ట్రెచర్ ఇంతకంటే కష్టం. బండిలో ఉండేది నువ్వూ, పైలటు అని పిలిచే డ్రైవరూ మాత్రమే. మిగతా చేతులన్నీ చుట్టుపక్కల వాళ్లవి. ఇరుకు మెట్ల మీదుగా రోగిని దించేటప్పుడు కింది వైపు పట్టుకొని వెనక్కి నడవవద్దు, ఎందుకంటే కృత్రిమ పాదానికి మెట్టు అంచు తెలియదు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు కృత్రిమ కాలు ముందు వేయాలని నీకు తెలిసే ఉంటుంది, కానీ హడావుడిలో మరిచిపోయేది సరిగ్గా అదే. డ్యూటీ సాగేకొద్దీ చెమటకూ వాపుకూ సాకెట్ పట్టు మారుతుంది గనుక సాకెట్ లోపల కాలికి తొడిగే మారు సాక్సులు ఎప్పుడూ సంచిలో ఉంచుకో. కాలు సంగతి ప్యాంటు కింద దాచి మాత్రం చేరకు. రోగిని నీతో కలిసి ఎత్తే పైలటుకు అది మొదటి రోజే తెలియాలి.

చాలామంది నిన్ను కాల్ సెంటర్‌కు పొమ్మంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైన తొలినాళ్ల నుంచీ పోలియో కాలుతో ఫోన్ల దగ్గర కూర్చున్నవాణ్ణి కనుక, అది తక్కువ పని అంటే నేను ఒప్పుకోను. ఏడుస్తున్న మనిషి నోటి నుంచి ఊరు, మండలం, దగ్గర్లోని గుడో బడో రాబట్టి, బండి చేరేలోగా ఫోన్లోనే ఛాతీ నొక్కించడం ఎంత పెద్ద పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. అయితే ఆ పని నీకు నచ్చితే ఎంచుకో, ఇంకొకరు పక్కకు నెట్టారని కాదు.

ఇక కాగితాల సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాలలో కనీసం 4 శాతం రిజర్వేషన్ ఉంది కాబట్టి వైకల్య శాతాన్ని తెలిపే ప్రభుత్వ సర్టిఫికెట్ (సదరం వంటిది) సిద్ధంగా ఉంచుకో. 108ను నడిపేది కాంట్రాక్టు సంస్థ గనుక ఆ రిజర్వేషన్ దానికదే వర్తిస్తుందని అనుకోకు. కానీ ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని అదే చట్టం చెబుతోంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ అయితే దివ్యాంగులకు అనువైన పోస్టుల జాబితాను కూడా అందులో చూపాలి. ఇంటర్వ్యూకు ముందే ఆ జాబితా అడిగి తీసుకో. ఈఎంటీ పోస్టు అందులో లేకపోతే, స్ట్రెచర్ ఎత్తి, సీపీఆర్ చేసి చూపే అవకాశం ఇవ్వమని రాతపూర్వకంగా కోరు.

ఇట్లు,
నీ మేనమామ