చింపాంజీ తల్లి పిల్లకు రాయితో గింజలు పగలగొట్టడం నేర్పుతుందా, పిల్లే చూసి నేర్చుకుంటుందా?

పిల్లే చూసి నేర్చుకుంటుంది. కాకపోతే ఆ చూడటం ఏళ్ల తరబడి సాగుతుంది.

పశ్చిమాఫ్రికాలోని గినీ దేశంలో బోసూ అనే ఊరి దగ్గర ఉండే చింపాంజీలనే తీసుకోండి. ఆయిల్‌పామ్ గింజను అడుగురాయి మీద పెట్టాలి, ఒక చేత్తో సుత్తిరాయి ఎత్తి కొట్టాలి. ఉన్నవి మూడే వస్తువులు, కానీ వరస తప్పితే పని కాదు. ఏడాదిన్నర పిల్ల గింజనో రాయినో విడిగా దొర్లిస్తుంది. రెండున్నరేళ్లకు గింజను రాయి మీద పెడుతుంది, కానీ అరచేత్తో చరుస్తుంది. మూడూ కలిసొచ్చి పప్పు నోట్లో పడేసరికి తక్కువలో తక్కువ మూడున్నరేళ్లు. అడుగురాయి వాలుగా ఉంటే గింజ జారిపోతుంది. అందుకే కొన్ని పెద్ద చింపాంజీలు కింద చిన్న రాయి దోపి దాన్ని సమం చేస్తాయి. దెబ్బ చాలకపోతే పెంకు పగలదు, ఎక్కువైతే పప్పు నుజ్జవుతుంది. ఏ చేత్తో కొట్టడం అలవాటైతే జీవితాంతం అదే చెయ్యి.

మరి తల్లి ఏం చేస్తుంది? అడ్డు చెప్పదు. పిల్ల తన పప్పు లాక్కున్నా, సుత్తి ఎత్తుకుపోయినా ఊరుకుంటుంది. నా దృష్టిలో అసలు నేర్పడం ఆ ఓర్పే.

చేతల్లో నేర్పిన ఘట్టాలు చాలా అరుదు. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో చింపాంజీల పరిశోధకుడు క్రిస్టోఫ్ బోష్ చూసి 1991లో ప్రచురించినది అలాంటిదే. నీనా అనే ఐదేళ్ల పిల్లకు దొరికిన సుత్తి వంకరటింకరగా ఉంది. ఎనిమిది నిమిషాలు దాన్ని ఇటూ అటూ తిప్పి పట్టుకుంది, తనూ అటు మళ్లి ఇటు మళ్లి కూర్చుంది, గింజ మాత్రం పగల్లేదు. అప్పుడు తల్లి రిచీ వచ్చింది. నీనా సుత్తి ఇచ్చేసింది. ఒక్క క్షణంలో అయ్యే పనికి రిచీ నిమిషం పాటు తీసుకుని, సుత్తిని మెల్లగా తిప్పి సరైన పట్టులోకి తెచ్చింది. పది గింజలు కొట్టి, ఎక్కువ భాగం కూతురికే పెట్టి వెళ్లిపోయింది. తర్వాత నీనా కూర్చున్న తీరు మార్చింది కానీ ఆ పట్టు మాత్రం వదల్లేదు. పావుగంటలో నాలుగు గింజలు పగలగొట్టింది.

ఈ ఒక్క ఘట్టాన్ని పట్టుకుని "చింపాంజీ తల్లులు బడి నడుపుతాయి" అని రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. పక్కన పళ్లు ఇకిలించిన పిల్ల ఫొటో పెట్టి "నవ్వుతోంది" అంటారు. పై పళ్లూ కింది పళ్లూ కనపడేలా పెదవులు వెనక్కి లాగితే అది చాలాసార్లు భయం. ఆడుకునేటప్పుడు చింపాంజీ నోరు తెరుచుకుని ఉంటుంది, పై పళ్లు పెద్దగా కనపడవు. ఇక మనుషులు పెంచుకోవడానికని అమ్మే పిల్లకైతే చూసి నేర్చుకునే వీలే ఉండదు. అలాంటి పిల్లను పట్టాలంటే అడవిలో ముందు దాని తల్లిని చంపుతారు. పాలు తాగుతూ, రాళ్ల పక్కన కూర్చుని తల్లి చేతులు చూడాల్సిన ఆ నాలుగైదేళ్లూ ఆ పిల్లకు పోయినట్టే.