టీషర్ట్ మీద సిలికాన్ లోగో ఊడదీయడం ఎలా?

వేడితో నొక్కే హీట్ ప్రెస్ మెషిన్‌తో అంటించిన సిలికాన్ లోగోని బట్ట పాడవకుండా తీయొచ్చా అని అడిగారు. చాలావరకు తీయొచ్చు, కానీ ముందు ఒక విషయం అర్థం చేసుకోండి: సిలికాన్ ఇస్త్రీపెట్టె వేడికి కరగదు, నెయిల్ పాలిష్ తీయడానికి వాడే అసిటోన్‌లో కూడా కరగదు, కాబట్టి దాన్ని గోకి లాభం లేదు. దాని కింద బట్టని పట్టుకుని ఉన్నది వేడికి మెత్తబడే జిగురు పొర, మీ పని దానితోనే.

చొక్కా తిరగేసి, లోగో ఉన్న చోట వెనక నుంచి ఇస్త్రీపెట్టెని పది పదిహేను సెకన్లు ఆనించి, వేడి తగ్గకముందే ఒక మూల ట్వీజర్‌తో ఎత్తి మెల్లగా లాగండి. బిగుసుకుంటే మళ్లీ వేడి చేయండి, బలవంతంగా లాగితే పోగులు లేస్తాయి. పాలిస్టర్ అయితే తక్కువ వేడే పెట్టాలి, లేకపోతే మెరుపు మచ్చ పడుతుంది, అది ఇక పోదు.

మిగిలిన జిగురుకి అసిటోన్‌లో ముంచిన దూది వాడొచ్చు. ముందు లోపలి కుట్టు దగ్గర చుక్క వేసి రంగు దిగుతుందేమో చూడండి, అసిటేట్ (పట్టులా మెరిసే ఒక కృత్రిమ నూలు) బట్ట మీద మాత్రం అసలు వేయకండి, బట్టే కరిగిపోతుంది. కిటికీలు తెరిచి, మంటకి దూరంగా చేయండి, ఆ తడి పూర్తిగా ఆరకుండా ఇస్త్రీ దగ్గరికి తీసుకెళ్లొద్దు, ప్లీజ్.

లోగో నేరుగా బట్ట మీదే ప్రింట్ చేసినదైతే సిలికాన్ పోగుల్లోకి దిగి ఉంటుంది. దాన్ని తీసే ప్రయత్నం చేయకుండా పైన ఒక ప్యాచ్ కుట్టించుకోవడమే నయం.