రాజకీయ కారణాలతో చమురు ఆపేస్తే, దిగుమతి మీద బతికే దేశాలు ముందుగా ఏం చేసి పెట్టుకోవాలి?

నేను ఆర్థికవేత్తను కాదు. 2015 చివర్లో ఒక హైదరాబాద్ మందుల కంపెనీ తరఫున ఖాట్మండులో ఉన్నాను. చమురు ఆగిన ఊళ్ళో ఐదు నెలలు గడిపిన అనుభవంతో చెబుతున్నా.

ఆ సెప్టెంబర్ 20న నేపాల్ కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఇండియా సరిహద్దు పక్కనున్న తరాయి మైదానాల్లో ఉండే మధేసీలు దానికి వ్యతిరేకంగా అప్పటికే ఆందోళన చేస్తున్నారు. ఆ వారంలోనే బీహార్ సరిహద్దు ఊరు రక్సౌల్ దగ్గర, నేపాల్‌కి వెళ్ళే చమురు ట్యాంకర్లు నిలిచిపోయాయి. ఇండియానే ఆపిందని నేపాల్ వాళ్ళు, ఆందోళనల వల్లే లారీలు కదలడం లేదని మన ప్రభుత్వం అనేవి. టీ కొట్టులో ఈ గొడవ మొదలైతే గ్లాసు సగంలో వదిలేసి లేచొచ్చేవాణ్ణి.

పెట్రోలు లీటరు 400 నేపాలీ రూపాయలకు, నీళ్ళ సీసాలో కొన్నాను. అదైనా సర్దుకోవచ్చు. వంట దగ్గరే అసలు కష్టం. గ్యాస్ బండ సగమే నింపి ఇచ్చేవారు, దానికీ క్యూ. మా ఇంటి ఓనరమ్మ ఇండక్షన్ పొయ్యి కొంది. కానీ చలికాలంలో అక్కడ రోజుకు పది గంటలకు పైనే కరెంటు కోత. చివరికి ఏప్రిల్ భూకంపంలో పడిపోయిన వాళ్ళ పాత ఇంటి కిటికీ చెక్కలు డాబా మీద పెట్టి, వాటితోనే అన్నం వండింది. మేం మందులిచ్చే ఒక ఆసుపత్రిలో స్టోర్ చూసే ఆయనే జనరేటర్ డీజిల్ కోసం క్యాన్ పట్టుకుని తిరిగేవాడు.

అందుకే నన్నడిగితే నిల్వల కంటే ముందు, మనకు ఎన్ని వైపుల నుంచి సరుకు వస్తుందో చూసుకోవాలి. 1973లో అరబ్ దేశాలు నెదర్లాండ్స్‌కి చమురు ఆపాయి. అక్కడ ఆదివారాలు కార్లు బంద్ చేశారు, రేషన్ పెట్టారు. అయినా దేశం ఆగిపోలేదు, ఎందుకంటే రేవు ఉంది, ఓడలు వేరే దేశాల చమురు తెచ్చాయి. నేపాల్‌కి సముద్రం లేదు, అమ్మేవాడు ఒక్కడే, ఇండియా. చైనా వైపు కొండదారి ఉన్నా అది భూకంపానికి దెబ్బతిని ఉంది. కష్టం వచ్చాక కొత్త దారి వెతికితే దొరికేది ఇంతే.

నిల్వలూ కావాలి, కాదనను. 1973 దెబ్బ తర్వాతే 1974లో అంతర్జాతీయ ఇంధన సంస్థ పుట్టింది. సభ్యదేశాలు 90 రోజుల నికర దిగుమతులకు (ఎగుమతులు తీసేస్తే మిగిలేవి) సమానమైన నిల్వ ఉంచుకోవాలన్నది దాని నియమం. అయితే నిల్వ ఉంటే చాలదు, అది ముందు ఎవరికి అందాలో కూడా రాసి పెట్టుకోవాలి. అంబులెన్సులు, ఆసుపత్రులు, మంచినీళ్ళ పంపులు, ఆ తర్వాతే మా బైకులు. ఖాట్మండులో ఆ లిస్టు క్యూలు మొదలయ్యాక రాసుకున్నట్టు అనిపించింది.

తర్వాత నేపాల్ ఏం చేసిందంటే, 2019లో బీహార్‌లోని మోతీహారి నుంచి తమ అమ్లేఖ్‌గంజ్‌కి 69 కిలోమీటర్ల పైప్‌లైన్ తెరిచింది. లారీల బెడద తగ్గింది గానీ అమ్మేవాడు మళ్ళీ ఆ ఒక్కడే! నాకు నచ్చింది రెండోది. జలవిద్యుత్ పెంచుకున్నారు, ఇప్పుడు అక్కడ కొత్తగా కొనే కార్లలో సగానికి పైగా కరెంటువే. ఈ కరెంటు ఆ రోజే ఉంటే మా ఓనరమ్మకి ఆ ఇండక్షన్ పొయ్యి పనికొచ్చి ఉండేది.

మన సంగతి. విశాఖ, మంగళూరు, పాదూరుల్లో కొండరాయి తొలిచిన గుహల్లో 53 లక్షల టన్నుల ముడి చమురు పడుతుంది. నిండుగా ఉంటే తొమ్మిదిన్నర రోజులకు సరిపోతుందని లెక్క. కంపెనీల దగ్గరున్న నిల్వలు దీనికి అదనం. చాలా దేశాల దగ్గర కొంటాం కాబట్టి ముడి చమురు గురించి నాకు అంత టెన్షన్ లేదు. భయమంతా వంటగ్యాస్ గురించే. వాడేదాంట్లో సగానికి పైగా దిగుమతే, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచి వస్తుంది. విశాఖలో గ్యాస్ కోసం తవ్విన గుహలో పట్టేది 60 వేల టన్నులు. దేశం మొత్తానికి అది ఒక్క రోజుకు కూడా చాలదు.