గోడ మీద మరక దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

నీటి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. భూమిని నీలిగ్రహం అంటూ మొదలుపెట్టి ధ్రువాల మంచు, మహాసముద్రాల లోతు, అంగారకుడి మీద ఎండిపోయిన కాలువలు అన్నీ చుట్టి వచ్చావు. పెద్ద తప్పులేమీ లేవు. కానీ పదకొండో పేజీలో ఒక వాక్యం రాశావు చూడు: "2024 సెప్టెంబరులో మా సింగ్‌నగర్ ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి, గోడ మీద మరక ఇంకా పోలేదు." అంతే, వెంటనే అంటార్కిటికా వెళ్ళిపోయావు. నేను మాత్రం ఆ గోడ దగ్గరే ఉండిపోయాను.

ఆ మరక ఎక్కడిదో ఒకసారి వెనక్కి వెళ్ళి చూడు. ఆగస్టు ఆఖర్లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. కుండపోత కురిసింది. బెజవాడ దగ్గర బుడమేరు వాగు గట్టుకు గండ్లు పడ్డాయి. గాలిలోకి లేచిన ఆవిరి సగటున తొమ్మిది పది రోజులు ఉంటుంది, ఆపైన ఎక్కడో ఒకచోట వానై పడాల్సిందే. అంటే మీ ఇంటి గడప దాటిన నీళ్ళలో చాలా భాగం రెండు వారాల ముందు దాకా ఉప్పు సముద్రమే. ఉప్పంతా అక్కడే వదిలేసి మంచినీళ్ళయి మీ వీధి దాకా వచ్చింది, వచ్చాక మురుగైంది. జలచక్రం గురించి నువ్వు రాసిన రెండు పేజీల పాఠం ఇంతకంటే ఏం చెప్పింది? ఆ రాత్రి ఇంట్లో ముందు ఏం పైకెత్తారో కూడా రాయి. బియ్యం డబ్బానా, గ్యాస్ సిలిండరా?

తర్వాత ఆ నీళ్ళు ఎటు పోయాయో చూడు. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు బెజవాడ మీదుగా వెళ్ళి కొల్లేట్లో కలుస్తుంది. తమ్మిలేరూ అక్కడికే వస్తుంది. కృష్ణా, గోదావరి రెండూ మేట వేసుకుంటూ డెల్టాలు కట్టుకుంటే, మధ్యలో మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. అందులోంచి సముద్రానికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. పేరులోనే ఉంది చూశావా? కొల్లేట్లో నీరు తగ్గితే పోటుతో పాటు ఉప్పునీళ్ళు ఎదురెక్కి వస్తాయి. ఆ పేరు పెట్టినవాళ్ళు ఏ పుస్తకమూ చదవలేదు, ఏటి నీళ్ళు నోట్లో పోసుకుని చూసి ఉంటారు.

ఇక్కడ నా పాత తప్పొకటి చెప్పాలి. ముప్పై ఏళ్ళ కిందట కైకలూరు దగ్గర ఒక చేపల చెరువులో బొచ్చెలూ శీలావతులూ రాత్రికి రాత్రి చచ్చి తేలాయని విని వెళ్ళాను. నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కంపు, కాకులు, గట్టు మీద జనం. ఎవరో పగబట్టి మందు కలిపారని ఇద్దరు ముగ్గురు అన్నారు. అదే రాసేశాను, అచ్చయింది కూడా. వారం తిరక్కుండా ఆ చెరువుకు కాపలా ఉండే పెద్దాయన దగ్గర్నుంచి కబురొచ్చింది: "రాసినాయన్ని ఒకసారి తెల్లారగట్ల రమ్మనండి."

వెళ్ళాను. నాలుగున్నర అయి ఉంటుంది. ఆయన టార్చిలైటు నీళ్ళ మీదికి వేశాడు. వందల నోళ్ళు! తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. సన్నగా చినుకు పడుతున్నట్టు చప్పుడు. ఆయన గబగబా పోయి డీజిల్ ఇంజన్ హ్యాండిల్ తిప్పాడు. గొట్టంలోంచి నీళ్ళు ఎత్తు నుంచి పడి నురగలు కడుతుంటే చేపలన్నీ ఆ నురగ వైపు చేరాయి. "నిన్నంతా మబ్బేనండి, గాలి కూడా లేదు. నీళ్ళలో ఊపిరి అయిపోయింది. ఆరోజు ఈ ఇంజన్ రిపేరులో ఉంది" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

సంగతి ఏమిటంటే, పచ్చగా కనిపించే చెరువు నీళ్ళలో కంటికి కనిపించని నాచు ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ అది ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదీ చేపల్లాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజాముకు నిల్వ అడుగంటుతుంది. ముందురోజు మబ్బు పడితే నిల్వే తక్కువ, గాలి ఆడకపోతే పైనుంచి కలిసేదీ తక్కువ. దానికి తోడు వేడి నీళ్ళలో ఆక్సిజన్ నిలవదు. సున్నా డిగ్రీల దగ్గర లీటరుకు 14 మిల్లీగ్రాములకు పైగా పట్టే మంచినీరు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములే పట్టగలదు. నీళ్ళలో కరిగి ఉన్న ఈ ఆక్సిజన్‌నే ఇప్పుడు కొల్లేటి రైతులు "డీఓ" అంటారు. "డీఓ పడిపోయింది" అన్నారంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు, ఒకటే టెన్షన్.

నీ వ్యాసంలో మంచు తేలడం గురించి ఒక పేజీ ఉంది. నిజమే, నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉండబట్టే చలిదేశాల్లో సరస్సులు పైన గడ్డకట్టినా అడుగున చేపలు బతుకుతాయి. గొప్ప సంగతే, కానీ దీన్ని అందరూ రాశారు. మన చెరువులు ఎప్పుడూ గడ్డకట్టవు. మనవాళ్ళ చేపకు చలితో పేచీ లేదు, వేడితోనే. ప్రాణం నిలవడానికి నీళ్ళుంటే చాలదని చెప్పడానికి నిండు చెరువులో ఊపిరాడని బొచ్చె కంటే మంచి సాక్ష్యం నీకెక్కడ దొరుకుతుంది? ఆ పేజీ కొట్టేశాను, కోపం తెచ్చుకోకు.

అంతకంటే గట్టిగా కొట్టేసింది ఇంకొకటుంది: "ఏటా ఇంత నీరు వృథాగా సముద్రం పాలవుతోంది." ఈ మాట పేపర్లలో చదివీ చదివీ మన నోటికి పట్టేసింది. నదికీ సముద్రానికీ ఉన్న లెక్క ఇంజనీరు కాగితం మీద తేలేది కాదు. ఏరు మోసుకొచ్చే మట్టితోనే డెల్టా పుట్టింది, మట్టి రావడం తగ్గితే తీరం కోసుకుపోతుంది. మంచినీటి తోపుడు లేకపోతే ఉప్పు లోపలికి పాకుతుంది. పులస సంగతి చూడు. గోదావరికి ఎర్రనీళ్ళు తగిలాక సముద్రంలోంచి ఎదురీదుతూ వస్తుంది, గుడ్లు పెట్టడానికి. పుస్తెలమ్మైనా తినాలన్న ఆ చేప, నువ్వు వృథా అన్న నీళ్ళు తోసుకుంటూనే వచ్చింది. ఆనకట్టలు వద్దనడం లేదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట కట్టకపోతే మన తాతలు ఏం తినేవాళ్ళో నాకూ తెలుసు. "వృథా" అన్న మాట రాసేముందు ఎవరికి వృథా అని ఒకసారి అడుగు, అంతే.

అంకెల దగ్గర చిన్న చిట్కా. నదుల్లో, మంచినీటి సరస్సుల్లో ఉన్నది మొత్తం నీటిలో 0.007 శాతం అని రాశావు. సరైన అంకే, కానీ మీ అమ్మమ్మకు చదివి వినిపిస్తే ఆవిడకు ఏం అర్థమవుతుంది? పదిహేను లీటర్ల బిందెలు వంద ఉన్నాయనుకో. అందులో తొంభై ఏడున్నర బిందెలు ఉప్పునీళ్ళు. మిగిలిన రెండున్నర బిందెల్లో ఎక్కువభాగం మంచు, ఆ తర్వాతది భూగర్భజలం. నదులకూ సరస్సులకూ వచ్చేది అర గ్లాసు. ఊళ్ళు, పొలాలు, కొట్లాటలు అన్నీ ఆ అర గ్లాసు చుట్టూనే.

మాటలు కూడా నీళ్ళ దగ్గర బతికేవాళ్ళనే అడుగు. ఊట, చెలమ, మేట, గండి, పోటు, పాటు. నీ వ్యాసం మొత్తంలో ఇందులో ఒక్కటీ కనపడలేదు. "జలవనరుల సమగ్ర నిర్వహణ" మాత్రం తొమ్మిది సార్లుంది.

శీతాకాలంలో కొల్లేటి పక్షుల్ని చూసే ఆటపాక వెళ్దాం, పెలికాన్లు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. తెల్లవారుజామునే బయల్దేరాలి మరి. ఈలోగా టేపు తీసుకుని ఆ మరక నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, కొత్త వ్యాసం మొదటి వాక్యంలో వేసి పంపు. సున్నం వేయించే ఆలోచన ఉంటే కొలిచాకే వేయించమని నాన్నగారికి చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు