ఏశావు తిన్నది చిక్కుడుకాయలేనా?

సందేహం: బైబిల్‌లోని ఆదికాండము 25వ అధ్యాయంలో ఆకలిగొన్న ఏశావు, తమ్ముడు యాకోబు వండిన వంటకం కోసం తన జ్యేష్ఠత్వాన్ని, అంటే పెద్దకొడుకు హక్కును, అతనికి అమ్ముకుంటాడు. ఆ వంటకం 29వ వచనంలో 'కలగూర వంటకము'. మరుసటి వచనంలో ఏశావు దాన్నే 'యెఱ్ఱయెఱ్ఱగా' ఉన్నదంటాడు. 34కి వచ్చేసరికి అది 'చిక్కుడుకాయల వంటకము'. చిక్కుడుకాయలు ఎర్రగా ఉంటాయా? అలాగే 'జ్యేష్ఠత్వము'ను ఇప్పుడు 'జన్మహక్కు' అని రాస్తున్నారు. ఏది సరి?

సమాధానం: చిక్కుడుకాయ ఎంతసేపు ఉడికినా ఎర్రబడదు. మీ అనుమానం న్యాయమైనదే. 34వ వచనంలో మూలభాష హీబ్రూలో ఉన్న మాట 'అదాషీమ్', అంటే మసూరు పప్పు. 29లోని 'నాజీద్'కు ఉడికించినది అనే అర్థం. అందులో ఆకుకూరల ఊసే లేదు. ఇదే అదాషీమ్ రెండవ సమూయేలు 23లో, దావీదు రాజు యోధుడు షమ్మా శత్రువులైన ఫిలిష్తీయులకు ఎదురొడ్డి నిలిచిన చేను దగ్గర, తెలుగులో అలచంద అయింది. ఒక్క గింజకు ఒకచోట చిక్కుడు, ఇంకొకచోట అలచంద!

మసూరు అనే మాట పుట్టుక తెలుసుకోదగ్గది. సంస్కృతంలో మసూరం, మసూరిక. ఒంటిమీద ఆ గింజల్లా పొక్కులు లేచే జబ్బుకు మన వైద్యులు మసూరిక అనే పేరే పెట్టారు. మశూచికం, మశూచి ఆ కుదుటివే. లాటిన్‌లో ఈ గింజ పేరు 'లెన్స్'. రెండు వైపులా ఉబ్బిన గాజుబిళ్ల అచ్చం ఈ గింజలా ఉందని 17వ శతాబ్దంలో దానికీ ఆ పేరే పెట్టారు. మనకు రోగమైన పోలిక వాళ్లకు కంటిఅద్దమైంది. దుకాణాల్లో రాసే 'మైసూరు పప్పు'కు మైసూరు నగరంతో ఏ చుట్టరికమూ లేదు. ఆ ఊరి పేరు మహిష శబ్దం నుంచి వచ్చింది. మసూరు నోళ్లలో నలిగి మైసూరైంది. మాట్లాడేటప్పుడు ఎలా అన్నా పరవాలేదు గాని, అచ్చులో మసూరు అని రాయడానికి అంత బద్ధకమెందుకు?

ఇక రంగు సంగతి. పొట్టు తీసిన మసూరు పప్పు పచ్చిగా ఉన్నప్పుడు నారింజ ఎరుపు. ఉడికితే పసుపుకు తిరుగుతుంది. పొట్టుతో ఉడికిస్తే ముదురు గోధుమ ఎరుపు వస్తుంది. ఏశావు చూసింది ఈ రెండోది కావచ్చు. ఎరుపును చెప్పే హీబ్రూ మాట 'అదోమ్' నెత్తుటి ఎరుపుకే పరిమితం కాదు. సంఖ్యాకాండము 19లోని ఎర్రని పెయ్యకూ అదే విశేషణం. మనమూ గోధుమవన్నె ఆవును ఎర్రావు అనే అంటాం కదా. మూలంలో ఏశావు ఆ మాటను రెండుసార్లు అంటాడు: 'ఆ ఎర్రది, ఆ ఎర్రది'. వంటకం పేరు చెప్పే ఓపిక కూడా లేని ఆకలి అది. తెలుగు అనువాదకుడు 'యెఱ్ఱయెఱ్ఱగా' అని ఆమ్రేడితంతో దాన్ని ఒడుపుగా పట్టుకున్నాడు. ఇక్కడ అతనికి నమస్కరించాలి. అయితే పక్కనే ఉన్న 'పెట్టుము' మరీ మెత్తన. మూలంలోని క్రియను తర్వాతి హీబ్రూలో పశువుల నోట మేత పెట్టడానికి వాడారు.

గింజ మారితే పోయేది రంగు ఒక్కటే కాదు. అది అబ్రాహాము చనిపోయిన రోజనీ, తండ్రి ఇస్సాకు దుఃఖంలో ఉన్నందుకే యాకోబు ఆ పప్పు వండాడనీ యూదుల ప్రాచీన గ్రంథం తల్మూదులో రబ్బీల, అంటే వారి మతగురువుల, వ్యాఖ్యానం. మసూరు గింజకు 'నోరు' లేదు, దుఃఖంలో ఉన్నవాడికీ నోరు పెగలదు అన్నారు. ఒక చిక్కుడు గింజ ఒలిచి చూడండి: అంచున తెల్లని గీత, నోరు తెరిచినట్టే ఉంటుంది. అలచందకు నల్లటి కన్నే ఉంది. ఈ గింజలతో ఆ వ్యాఖ్యానం నిలవదు.

'జన్మహక్కు'ను మాత్రం నేను ఒప్పుకోలేను. పుట్టిన ప్రతివాడికీ ఉండేది జన్మహక్కు; తిలక్ స్వరాజ్యాన్ని అలా అన్నది అందుకే. ఏశావు అమ్ముకున్నది పెద్దకొడుక్కి మాత్రమే దక్కేది. ద్వితీయోపదేశకాండము 21:17 ప్రకారం తండ్రి ఆస్తిలో జ్యేష్ఠుడికి రెండు పాళ్లు. అందరికీ ఉన్నదైతే తమ్ముడు కొనడమెందుకు? జ్యేష్ఠత్వం చక్కని మాట. బరువనిపిస్తే 'పెద్దరికం' అనవచ్చునేమో గాని, అందులో ఆస్తివాటా ధ్వనించదు.

యాకోబు అంటే మోసగాడని కొందరు అర్థం చెబుతారు. అది 27:36లో ఏశావు కోపంతో తీసిన అర్థం. పుట్టినప్పుడు అన్న మడిమె పట్టుకున్నందుకు వచ్చిన పేరని 25:26 చెబుతోంది.

తరతరాలుగా కంఠస్థమైన 'చిక్కుడుకాయల వంటకము'ను పాఠంలోంచి తీసేయమని అనను. వ్యాఖ్యానాల్లో, పిల్లల పుస్తకాల్లో మసూరు పప్పు అని రాస్తే చాలు. చివర 'తిని త్రాగి లేచిపోయెను' అన్నచోట మాత్రం, ఇవాళ 'లేచిపోవడం' అర్థం మారింది కనుక, కొత్తగా రాసేవాళ్లు 'లేచి వెళ్లిపోయాడు' అనడం మేలు.