సోర్ క్రీమ్ కుకీలు రాళ్లలా వస్తున్నాయన్న చెల్లికి

చెల్లీ, ఇక్కడికి వచ్చి మూడు నెలలైందని, మీ ఆయన పొద్దున్న ఏడున్నరకి వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే వస్తాడని, ఏమీ తోచక వీడియో చూసి సోర్ క్రీమ్ (పులియబెట్టిన చిక్కటి మీగడ) వేసి చాక్లెట్ చిప్ కుకీలు చేస్తే రెండుసార్లూ గట్టిగా రాళ్లలా వచ్చాయని రాశావు. నువ్వడిగింది కుకీల గురించే, కానీ నా కళ్లు మాత్రం ఆ "ఏమీ తోచక" అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. పదహారేళ్ల క్రితం అమెరికాలో దిగిన కొత్తలో నాదీ ఇదే పరిస్థితి. ఇప్పుడు మా వీధిలో ఎవరు కొత్తగా దిగినా మొదట అందేది నా కుకీల డబ్బానే, ఒక్క పూటలో నాలుగు డజన్లు చేసి పడేస్తాను. అంతదాకా రావడానికి ఎంత మైదా చెత్తబుట్టలో పోశానో నాకే తెలుసు. అందుకని కాస్త ఓపిగ్గా చదువు. కొత్తగా వచ్చినవాళ్లు వీడియో సగం చూసి మిగతాది వచ్చేస్తుందిలే అనుకుంటారు, చిక్కంతా అక్కడే.

నా మొదటి తప్పు ఓవెన్ దగ్గరే జరిగింది. మా బంధువులావిడ ఒకావిడ ఫోన్‌లో "నూట ఎనభైలో పెట్టు" అంది, నేను 180 నొక్కాను. ఆవిడ చెప్పింది సెల్సియస్ లెక్క, మా ఓవెన్‌ది ఫారెన్‌హీట్ లెక్క. 180 ఫారెన్‌హీట్ అంటే 82 సెల్సియస్, అందులో కుకీ ఎలా కాలుతుంది? అరగంటైనా ముద్దలు ముద్దల్లాగే కూర్చున్నాయి, వెన్న మాత్రం కరిగి ట్రే అంచుల్లోకి చేరింది. ఓవెన్ పాడైందనుకున్నాను. అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేద్దామంటే నా ఇంగ్లీషు మీద నాకు నమ్మకం లేదు, వాళ్లేదైనా అడిగితే ఏం చెప్పాలో అని టెన్షన్. సాయంత్రం దాకా ఆ ట్రే ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. గోడకి అవతల మనుషులున్నారు, వాళ్ల టీవీ నాకు వినిపిస్తూనే ఉంది, అయినా "ఇది ఒక్కసారి చూసిపెడతారా" అని అడగడానికి వాళ్ల పేరు కూడా తెలీదు. కుకీలు పాడైనందుకు కాదు, దానికే ఏడుపొచ్చింది ఆ రోజు. నువ్వు పెట్టాల్సింది 350 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 177 సెల్సియస్. పెట్టగానే ట్రే లోపలికి తోసేయకు, పూర్తిగా వేడెక్కనీ.

రెండో తప్పు మైదా. కొట్లో సెల్ఫ్ రైజింగ్ అని రాసున్న సంచి తెచ్చుకున్నాను, అందులో బేకింగ్ పౌడరూ ఉప్పూ ముందే కలిపి ఉంటాయని తెలీదు. పైన నేను మళ్లీ వంటసోడా, ఉప్పు వేశాను, ఉప్పగా ఉబ్బిన బన్నుల్లా వచ్చాయి. ఆల్ పర్పస్ అని రాసున్నదే తెచ్చుకో. కప్పుని సంచిలో ముంచి నొక్కి తీయకు, అలా తీస్తే కప్పుకి 150 గ్రాములు కూడా పట్టేస్తుంది, పట్టాల్సింది 125 మాత్రమే. నీ కుకీలు గట్టిపడటానికి సగం కారణం ఇదే అయ్యుంటుందని నా అనుమానం. చిన్న తూకం మిషన్ ఒకటి కొనుక్కో, పెద్ద ఖర్చేం కాదు.

ఇక సోర్ క్రీమ్. ఎలాగూ పుల్లగానే ఉంటుంది కదా అని మూడోసారి పెరుగు వేశాను. ముద్ద జారుగా అయింది, జారిందని ఇంకో అరకప్పు మైదా దట్టించాను, పళ్లకి అంటుకునే బ్రెడ్డు ముక్కలు తయారయ్యాయి. ఇక్కడి మామూలు సోర్ క్రీమ్‌లో కనీసం 18 శాతం వెన్నకొవ్వు ఉండాలని నియమం, పూర్తి కొవ్వు పాలతో చేసిన మామూలు పెరుగులో మూడు నాలుగు శాతానికి మించదు, మిగిలినదాంట్లో ఎక్కువ నీళ్లే. మెత్తదనం ఇచ్చేది ఆ కొవ్వే, అది మైదాని పట్టుకుని గ్లూటెన్, అంటే మైదాని సాగేలా చేసే జిగురు, ఎక్కువ సాగకుండా చూస్తుంది. పులుపేమో వంటసోడాతో కలిసి గ్యాస్ పుట్టించి కుకీని కాస్త పొంగిస్తుంది. కాబట్టి ఫ్యాట్ ఫ్రీ అని రాసున్న డబ్బా జోలికి పోకు. మీరు శాకాహారులైతే లేబుల్ మీద జెలటిన్ (జంతువుల నుంచి తీసే జిగురు) ఉందేమో కూడా చూడు, కొన్ని రకాల్లో కలుపుతారు. గుడ్డు తినకపోతే గుడ్డు బదులు ఇంకో పావుకప్పు సోర్ క్రీమ్ వేసుకోవచ్చు, కొంచెం కేకులా వస్తాయి గానీ బాగానే ఉంటాయి.

నా కొలతలు రాసుకో. వెన్న ఒక స్టిక్, అంటే 113 గ్రాములు. వేలితో నొక్కితే గుంట పడాలి, కరిగి కారకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకు. బ్రౌన్ షుగర్ ముప్పావు కప్పు నొక్కి నింపి, తెల్ల చక్కెర పావుకప్పు. బ్రౌన్ షుగర్‌లో ఉండే మొలాసిస్, అంటే చెరకు పాకం మడ్డి, తేమ పట్టి ఉంచుతుంది, అందుకని దాన్ని తగ్గించకు. ఈ మూడూ బాగా గిలకొట్టి ఒక గుడ్డు, పావుకప్పు సోర్ క్రీమ్, టీస్పూను వెనిల్లా వేసి కలుపు. తర్వాత మైదా 220 గ్రాములు, వంటసోడా అర టీస్పూను, ఉప్పు అర టీస్పూను. తెల్లపిండి కనపడటం ఆగగానే కలపడం ఆపెయ్యి. చివర్లో కప్పు చాక్లెట్ చిప్స్. ముద్ద కాస్త జిగటగా ఉంటుంది, ఉండనీ, మైదా మాత్రం కలపకు. గంటసేపు ఫ్రిజ్‌లో పెడితే అదే దారికొస్తుంది. పచ్చి ముద్ద రుచి చూడకు, గుడ్డు సంగతి అలా ఉంచు, పచ్చి మైదా కూడా మంచిది కాదు.

ఇంత తెలిశాక కూడా నా కుకీలు చల్లారేసరికి గట్టిపడేవి. ఆ గుట్టు విప్పింది ఏ వీడియో కాదు, గోడ అవతలి ఆవిడే. ఒక మధ్యాహ్నం ఆరు కుకీలు ప్లేటులో పెట్టుకుని ఆవిడ తలుపు దాకా వెళ్లి కొట్టకుండానే తిరిగొచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లి కొట్టాను. డెబ్బై దాటిన మనిషి, ఆవిడా ఒంటరిదే. ఒకటి కొరికి, నెమ్మదిగా నమిలి, "ఈసారి రెండు నిమిషాలు ముందే తీసెయ్" అంది. ఆ వారంలోనే మా వంటింట్లోకి వచ్చి ఓవెన్ అద్దం ముందు నన్ను వంచి మరీ చూపించింది. అంచులు గట్టిపడి లేత గోధుమరంగుకి తిరుగుతాయి, నడుమ మాత్రం ఇంకా పచ్చిగా, ఉబ్బెత్తుగా, అప్పుడే తడి మెరుపు తగ్గినట్టు కనిపిస్తుంది. అదీ తీయాల్సిన క్షణం. మా ఓవెన్‌లో అది పది నిమిషాలకి వస్తుంది. బయటికి తీశాక కూడా వేడి ట్రే మీద నడుమ భాగం ఉడుకుతూనే ఉంటుంది, ఐదు నిమిషాలు కదపకుండా వదిలేస్తే సరిపోతుంది. మొత్తం ఎర్రబడేదాకా ఆగావంటే అయిపోయినట్టే, నువ్వు చేస్తున్నదీ అదేనేమో చూసుకో. డబ్బాలో ఒక బ్రెడ్డు ముక్క పెడితే దాని తేమకి కుకీలు మెత్తగా ఉంటాయని చెప్పిందీ ఆవిడే.

ఆవిడ పోయి ఆరేళ్లైంది. ఆవిడ మొదలు నా స్నేహాలన్నీ అలా ప్లేటు పట్టుకుని తలుపు కొట్టిన మీదటే మొదలయ్యాయి. ఈ కుకీ పుట్టిందే ఇక్కడ, మసాచుసెట్స్‌లోని విట్‌మన్‌లో, 1930లలో టోల్ హౌస్ ఇన్ అనే హోటల్ నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ చేతిలో. అందుకే ఎవరికిచ్చినా ఇదేమిటని అడగరు, వాళ్ల చిన్నప్పటి కబుర్లే మొదలుపెడతారు. నీకు మాట కలపడం సులువవుతుంది. ఇచ్చేముందు గుడ్డు, పాలు, గోధుమ, నట్స్ పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగు.

చేసి అమ్మొచ్చా అని కూడా అడిగావు. డిపెండెంట్ వీసా (మీ ఆయన వీసాని బట్టి నీకిచ్చేది) మీద అమ్మకం అంటే పని కిందికి వస్తుంది, ఇంటివంట అమ్మకానికి రాష్ట్రానికో రూలు, అవన్నీ ప్రభుత్వ సైట్లలో చూసుకో. నన్నడిగితే ఇప్పుడు నీకు కావలసింది గిరాకీ కాదు, మనిషి.

ఈ కొలతకి రెండు డజన్లు వస్తాయి. ఇద్దరే తినలేరు, సగం ముద్దలు ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెట్టు, కావలసినప్పుడు తీసి అలాగే కాల్చుకో, ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది అంతే. మిగిలినవాటిలో ఆరు పక్కింటికి పట్టుకెళ్లు. ఇంగ్లీషు గురించి భయపడకు, పక్కనే ఉంటాం, ఇవి ఇప్పుడే చేశాను అంటే చాలు. మాసిపోయిన పాత డబ్బాలో కాకుండా మంచి మూత డబ్బాలో పెట్టివ్వు, అది తిరిగివ్వడానికి వాళ్లు నీ తలుపు కొడతారు.