టెక్ సందేహాలు: పాత కెర్నల్ మీద ట్రేసింగ్, తప్పుడు బీటీఎఫ్‌తో ముప్పు

ప్రశ్న: కొత్త మెషీన్‌లో కంపైల్ చేసిన ఈబీపీఎఫ్ (లినక్స్ కెర్నల్ లోపలే చిన్న ప్రోగ్రాములు నడిపే పద్ధతి) ట్రేసింగ్ ప్రోగ్రామ్, అంటే కెర్నల్‌లో జరిగేది గమనించే ప్రోగ్రామ్, అక్కడ చక్కగా నడుస్తోంది. 4.14 కెర్నల్ ఉన్న సర్వర్‌లో మాత్రం లోడే కావడం లేదు. ఒకసారి కంపైల్ చేస్తే ఎక్కడైనా నడుస్తుందన్నారు కదా?

జవాబు: కెర్నల్ నంబరు మారుతుందేమో గానీ ప్రశ్న మాత్రం ఇదే వస్తోంది. ‘ఎక్కడైనా’ అంటే బీటీఎఫ్ (కెర్నల్ స్ట్రక్చర్లలో ఏ ఫీల్డ్ ఎక్కడుందో చెప్పే సమాచారం) ఉన్న చోటల్లా అని అర్థం. మీ ప్రోగ్రామ్ అడిగిన ఫీల్డ్ ఈ కెర్నల్‌లో ఎన్నో బైట్ దగ్గరుందో లోడ్ చేసే సమయంలో లిబ్‌బీపీఎఫ్ (ఈ ప్రోగ్రాములను లోడ్ చేసే లైబ్రరీ) బీటీఎఫ్‌లో చూసి ఆ స్థానాన్ని, అంటే ఆఫ్‌సెట్‌ను, సరిచేస్తుంది. కెర్నల్ తన బీటీఎఫ్‌ను /సిస్/కెర్నల్/బీటీఎఫ్/వీఎంలినక్స్ దగ్గర బయటపెట్టడం 5.4తో మొదలైంది. అదీ బిల్డ్ చేసినవాళ్లు కాన్ఫిగ్‌లో ఆన్ చేసి ఉంటేనే. అలాగని నంబరు చూసి తేల్చేయకండి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 కెర్నల్ 4.18 అయినా 8.2 నుంచి అందులో బీటీఎఫ్ ఉంది. ముందు ఆ ఫైల్ ఉందో లేదో చూడండి.

లేకపోతే ఆ కెర్నల్ డీబగ్ ఇన్ఫో ప్యాకేజీ తెచ్చి పహోల్ అనే టూల్‌తో బీటీఎఫ్ తయారుచేసి, దాని దారి లిబ్‌బీపీఎఫ్‌కు ఇవ్వొచ్చు. చాలా డిస్ట్రిబ్యూషన్లకు ఇలా చేసిపెట్టినవి బీటీఎఫ్‌హబ్‌లో ఉన్నాయి. మెగాబైట్లలో ఉండే ఆ ఫైల్‌ను బీపీఎఫ్‌టూల్‌లోని ‘మిన్_కోర్_బీటీఎఫ్’ మీ ప్రోగ్రామ్‌కు అవసరమైన మేరకు కుదించి కిలోబైట్లకు తెస్తుంది.

దీంతో ఆఫ్‌సెట్ల గొడవ తీరుతుంది గానీ కెర్నల్‌లో లేని ఫీచర్ పుట్టుకురాదు. రింగ్ బఫర్ (సేకరించిన సమాచారాన్ని బయటికి పంపే దారి) 5.8లో, ఎఫ్‌ఎంట్రీ (కెర్నల్ ఫంక్షన్ మొదట్లో ప్రోగ్రామ్‌ను తగిలించే పద్ధతి) 5.5లో, హద్దున్న లూపులు 5.3లో వచ్చాయి. 5.2కు ముందు ప్రోగ్రామ్ 4096 ఇన్‌స్ట్రక్షన్లు దాటకూడదు. పాత సర్వర్ కోసం రాస్తుంటే ఇదే పని చేసే పాత పద్ధతులైన పెర్ఫ్ బఫర్, కేప్రోబ్‌లతోనే మొదలుపెట్టండి. 5.14లో టాస్క్_స్ట్రక్ట్ (ఒక్కో ప్రాసెస్ వివరాలుండే కెర్నల్ స్ట్రక్చర్)లోని ‘స్టేట్’ ఫీల్డ్ పేరే మారిపోయింది. ఇలాంటి చోట్ల కెర్నల్ నంబరు మీద షరతు పెట్టొద్దు, ఫీల్డ్ ఉందా అని బీటీఎఫ్‌నే అడగండి.

ప్రశ్న: మా కెర్నల్‌కు దగ్గరి వెర్షన్ బీటీఎఫ్ ఒకటి దొరికింది. ప్రోగ్రామ్ లోడ్ అయింది, కానీ కొన్ని యూజర్ ఐడీలు వింతగా కనిపిస్తున్నాయి. పట్టించుకోవాలా?

జవాబు: వెంటనే ఆపేయండి. నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే. దగ్గరి వెర్షన్ అంటూ ఏదీ లేదు. ఒక్క ప్యాచ్‌తో స్ట్రక్చర్‌లో ఒక ఫీల్డ్ చేరినా దాని తర్వాతవన్నీ జరిగిపోతాయి. మీరిచ్చిన బీటీఎఫ్ నిజమో కాదో వెరిఫయర్ (లోడ్ చేసే ముందు ప్రోగ్రామ్ సురక్షితమో కాదో తనిఖీ చేసే కెర్నల్ భాగం) చూడదు, ప్రోగ్రామ్ హద్దులు మాత్రమే చూస్తుంది. తప్పు చోట చదివినా ప్రోబ్ రీడ్ (కెర్నల్ మెమరీ చదివే ఫంక్షన్) కెర్నల్‌ను కూల్చదు, ఎర్రర్ కూడా రాకపోవచ్చు. అక్కడ ఉన్న బైట్లేవో తెచ్చి మీ చేతిలో పెడుతుంది. వింత అంకెలు కనిపించాయి కాబట్టి మీకు అనుమానం వచ్చింది. నమ్మదగినట్టున్న తప్పు అంకె వచ్చి ఉంటే? చొరబాట్లు కనిపెట్టాల్సిన పరికరం రూట్ చేసిన పనిని మామూలు యూజర్ ఖాతాలో రాస్తుంది. ఆ లాగ్ చూసి నిర్ణయాలు తీసుకునేవాళ్లకు అది తప్పని తెలిసే మార్గమే లేదు.

వెర్షన్, దాని వెనకున్న తోక (నంబరు తర్వాత వచ్చే అదనపు భాగం), ఆర్కిటెక్చర్ అన్నీ అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఇంకా గట్టిగా చూడాలంటే ‘పెర్ఫ్ బిల్డ్‌ఐడీ-లిస్ట్ -కె’ చూపే ఐడీని డీబగ్ ఫైల్‌లోని ఐడీతో పోల్చండి. ప్రోగ్రామ్‌లోనే ఒక తనిఖీ కూడా పెట్టండి: స్ట్రక్చర్‌లో చదివిన పీఐడీ (ప్రాసెస్ నంబరు), పేరు, యూఐడీ (యూజర్ ఐడీ)లను కెర్నల్ హెల్పర్లు (కెర్నల్ తానే అందించే ఫంక్షన్లు) ఇచ్చే విలువలతో సరిచూడండి. హెల్పర్లకు బీటీఎఫ్‌తో పని లేదు. తేడా వస్తే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోవాలి. ఈ చిన్న తనిఖీ లేకుండా సెక్యూరిటీ ఏజెంట్‌ను విడుదల చేయడం బాధ్యతారాహిత్యం.

ప్రశ్న: రూట్ ఇవ్వడం ఇష్టం లేక ‘అన్‌ప్రివిలేజ్డ్_బీపీఎఫ్_డిజేబుల్డ్’ (మామూలు యూజర్లు ఈ ప్రోగ్రాములు లోడ్ చేయకుండా ఆపే సెట్టింగ్, 0 అంటే ఆపదు) విలువ 0గానే ఉంచాం. సరేనా?

జవాబు: దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. 0 ఉన్నా మామూలు యూజర్ కేప్రోబ్ పెట్టలేడు, నెట్‌వర్క్ ప్యాకెట్లు వడకట్టే సాకెట్ ఫిల్టర్ వంటివి మాత్రమే లోడ్ చేయగలడు. పాత కెర్నల్‌లో ట్రేసింగ్‌కు దాదాపు రూట్‌తో సమానమైన క్యాప్_సిస్_అడ్మిన్ అధికారం తప్పదు. 5.8లో గానీ క్యాప్_బీపీఎఫ్, క్యాప్_పెర్ఫ్‌మాన్ అనే చిన్న అధికారాలు విడిగా రాలేదు. లాభం లేకపోగా తలుపు మాత్రం తెరిచి ఉంటుంది. సీవీఈ-2017-16995 అనే భద్రతా లోపం సరిగ్గా ఆ దారినే వచ్చింది: వెరిఫయర్ లెక్క తప్పడంతో మామూలు యూజర్ రూట్ కాగలిగాడు. విలువ 1 చేయండి. రీబూట్ దాకా దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు, రూట్‌గా నడిచే మీ ట్రేసర్‌కు అడ్డమూ రాదు.

ఈ ఉత్తరాలన్నిటి వెనకా ఉన్న అసలు లోపం వాడేవాళ్లది కాదు. 4.14కు లినక్స్ కెర్నల్ డెవలపర్ల మద్దతు 2024 జనవరిలోనే ముగిసింది. అయినా కెర్నల్‌ను అక్కడే బిగించేసిన నెట్‌వర్క్ పెట్టెలు, స్టోరేజీ పెట్టెలు ఇంకా పనిలో ఉన్నాయి. బీటీఎఫ్ ఉండదు, డీబగ్ ఇన్ఫో అడిగితే తయారీదారులు ఇవ్వరు. కొన్న మనిషి తన మెషీన్ లోపల ఏం జరుగుతోందో చూసుకోవడానికి కావాల్సిన ఫైల్‌ను తొక్కిపెట్టడం నా దృష్టిలో అన్యాయం. కెర్నల్ అప్‌డేట్ ఇచ్చిన రోజే దాని డీబగ్ ప్యాకేజీ కూడా ఇవ్వాలి. టెండర్ రాసేవాళ్లు ఈ షరతును ముందే చేర్చాలి.

అలాంటి పెట్టె ఇప్పటికే మీ దగ్గరుంటే, ఎక్కడో దొరికిన బీటీఎఫ్‌తో ప్రయోగాలు చేయకండి. ట్రేస్‌పాయింట్లు (గమనించడానికి కెర్నల్ కోడ్‌లో ముందే పెట్టిన చోట్లు) వాడండి. ప్రతి ట్రేస్‌పాయింట్ తన ఫీల్డుల ఆఫ్‌సెట్లను పక్కనే ఉన్న ‘ఫార్మాట్’ ఫైల్‌లో తానే చెబుతుంది. 4.7 నుంచి బీపీఎఫ్ ప్రోగ్రామ్‌ను వాటికి తగిలించొచ్చు. అంతకంటే పాతదైతే కెర్నల్‌లోనే ఉండే ఎఫ్‌ట్రేస్ అనే ట్రేసింగ్ సాధనంతోనే నడపండి.